మా బావకి ఇచ్చిన కుండ

మార్గశిర మాసం, మంగళవారం, పగలు పదకొండు గంటల ఇరవై నిమిషాలు. ఏడేళ్ళ కిందటి మాట. వారం, మాసం నాకు గుర్తుండేవే. గంటా నిమిషాలు మాత్రం బావ చివర్లో పనిచేసిన రైసుమిల్లు సూపర్‌వైజరు వల్ల తెలిశాయి. ఆయన మా బావ చితికి పది అడుగుల దూరంలో నిలబడి, జేబులోంచి ఫోను తీసి చూసుకుని, "పదకొండూ ఇరవై అయిపోనాది, నాను ఎల్లాల, బేగి కానివ్వండి" అన్నాడు. ఆ మాట పూర్తయ్యేసరికి మా మేనల్లుడు భుజం మీది కుండని వెనక్కి వదిలాడు. కుండ కింద పడింది. పగల్లేదు.

చావులు దగ్గరనుంచి చూడని పిల్లలకి ఇది అర్థం కాకపోవచ్చు. కొరివి పెట్టే కొడుకు నీళ్ళకుండ ఎడమ భుజం మీద పెట్టుకుని చితి చుట్టూ మూడుసార్లు తిరుగుతాడు. ఒక్కో చుట్టుకి ఒక పెద్ద వెనకనించి కుండకి చిల్లి పొడుస్తాడు. నీళ్ళు కారుతుంటాయి. మూడో చుట్టు అయ్యాక వెనక్కి చూడకుండా కుండని వదిలెయ్యాలి. అది పగలాలి. పగిలితే పోయినవాడికీ ఇంటికీ లంకె తెగిందని లెక్క. పగలకపోతే ఏమవుతుందో ఎవరూ చెప్పలేదు. పగలకపోవడం అంతవరకు ఎవరూ చూడలేదు కాబట్టి. జాగ్రత్తగా దాచుకున్నా పగిలే వస్తువది.

ఆ కుండ నేను చేసింది. పోయినవాడు మా అక్క మొగుడు. ఇరవై ఆరేళ్ళు నా పక్కన కూర్చుని నా కుండలు కొట్టినవాడు.

ఇప్పుడు వారానికి రెండు రోజులు నేను బస్సెక్కి విజయనగరం వెళతాను. అక్కడ ఒక రేకుల షెడ్డులో కరెంటు సారెల మీద పిల్లలు కుండలు నేర్చుకుంటున్నారు. సారె అంటే మా చక్రం. నేను దాని మీద చెయ్యి పెట్టను. కుర్చీలో కూర్చుని నోటితో చెబుతాను. పోయిన నెల ఒక పిల్ల అడిగింది, కుండ అడుగు ఎన్ని ఎమ్మెమ్ మందం ఉంచాలి తాతా అని. స్కేలు కూడా చేతిలో ఉంది. నాకు నవ్వొచ్చింది, తర్వాత నవ్వు పోయింది. ఇంటికెళ్ళి రాసుకొస్తానని చెప్పాను. నాకు అక్షరాలు వచ్చింది అరవై మూడో ఏట, ఆ షెడ్డులోనే, అక్కడి మేడమ్ దగ్గర. అందుకని మెల్లగా రాస్తాను, తప్పులుంటే ఆవిడ దిద్దుతుంది. అడుగు గురించి రాయమంటే చావు గురించి రాస్తున్నాడేమిటి ముసలోడు అనుకోకండి. అడుగు గురించి నాకు తెలిసిందంతా ఆ చావులోనే ఉంది.

మా ఊరు నరసన్నపేటకి ఎడంగా హైవే దిగి లోపలికి వెళితే వస్తుంది. మా ఇళ్ళలో కుండ ఒక్కడి పని కాదు. సారె మీద తీసేవాడు ఒకడు, కొట్టేవాడు ఒకడు. తీసేవాడు మెడా మూతీ పూర్తిగా తయారు చేసి, అడుగున మాత్రం ముద్దలా మన్ను వదిలేసి, దారంతో కోసి పక్కన పెడతాడు. ఒక పూట నీడన ఆరాక కొట్టేవాడు దాన్ని ఒళ్ళో పెట్టుకుంటాడు. ఎడమచేత్తో లోపల గుండ్రాయి పట్టుకుంటాడు. కుడిచేత్తో బయటనుంచి చెక్కతో కొడతాడు. ఆ అడుగునున్న మన్నే సాగి సాగి కుండ పొట్ట అవుతుంది. అంటే మీరు నీళ్ళు పోసుకునే కుండలో గుండ్రటి భాగమంతా ఒకప్పుడు అడుగే.

కాబట్టి అడుగులో మన్ను తక్కువైతే కొట్టేటప్పుడు చిల్లి పడుతుంది. ఎక్కువైతే సాగకుండా దిమ్మలా ఉండిపోతుంది, ఆవంలో కాల్చేటప్పుడు పగులు తీస్తుంది. సరిగ్గా ఎంత ఉందో కంటికి కనపడదు. సారె తిరుగుతున్నప్పుడు లోపల ఎడమచేతి మధ్యవేలు అడుక్కి ఆనుతుంది. ఆ వేలికీ సారెకీ మధ్య ఎంత మన్ను ఉందో ఆ వేలే చెప్పాలి. మా నాన్న నా కళ్ళకి తువ్వాలు కట్టి నేర్పాడు. కళ్ళు అబద్ధమాడతాయి, వేలు ఆడదు అనేవాడు. ఆయన చక్కెర జబ్బు లేని కాలంలో బతికాడు.

మా బావ కొట్టడం చూడాలి. మాటలు తక్కువ మనిషి. ఒళ్ళో కుండ తిరుగుతుంటే చెక్క దెబ్బ ఒకేలా పడుతుండేది, ఇంట్లో వాళ్ళు ఆ చప్పుడు విని టైము చెప్పేవాళ్ళు. ఆయన కొట్టిన కుండ ఎత్తితే చేతికి బరువు తెలిసేది కాదు. బొబ్బిలి సంత దాకా మా కుండలు వెళ్ళేవి. కొనేవాళ్ళు వేలి గణుపుతో తట్టి చూసి, ఇది పేట పక్కవాళ్ళ కుండ అనేవాళ్ళు. తీసినవాణ్ణి నేను కాబట్టి ఆ పేరంతా నాదే అనుకునేవాణ్ణి. ఆయన కాదనలేదు.

ఇప్పుడు నా తప్పుకి వస్తాను.

యాభై ఏడు దాటాక నాకు ఒక చిన్న తేడా కనపడింది. టీ గ్లాసు పట్టుకుంటే కాలడం లేదు. టీ కొట్టువాడు చల్లారిన టీ ఇస్తున్నాడని వాడితో గొడవ పెట్టుకున్నాను. తర్వాత ఒకసారి చేతిలో ముల్లు విరిగి ఉంటే రెండు రోజుల తర్వాత మా ఆవిడ చూసి తీసింది. తెలుసా అంటే నాకు తెలుసు, తెలీదా అంటే తెలీదు. నా వేళ్ళు పోతున్నాయా అని ఎవరైనా అడిగి ఉంటే కొట్టేవాణ్ణి. ఎవరూ అడగలేదు కాబట్టి నన్ను నేను కూడా అడగలేదు.

ఆ రోజుల్లో మా బావ పనికి ముందే వచ్చి, ఆలస్యంగా వెళ్ళేవాడు. నా కుండలు ఒక్కోటీ ఎక్కువసేపు కొడుతున్నాడని నేను గమనించాను. ముసలాడైపోయాడు, చేతిలో సత్తువ తగ్గింది అనుకున్నాను. ఒకసారి నవ్వుతూ అన్నాను కూడా, బావా, నీకు పెన్షను ఇప్పించాల్సిందే అని. ఆయనా నవ్వాడు.

మా ఊరి అమ్మవారి పండగకి ఘటం మా ఇంటినుంచి వెళ్ళడం తాతల నాటి వరస. ఆ కుండలో పసుపు నీళ్ళు పోసి, వేపరొబ్బలు పెట్టి, ఆ ఏడు మొక్కుకున్న ఇంటి కోడలు తలమీద పెట్టుకుని ఊరంతా తిరుగుతుంది. దానికి మట్టి వేరే తెస్తాం, ఒంటిపూట ఉండి చేస్తాం. ఆ ఏడు ఘటం నేను తీశాను. మధ్యాహ్నం మా బావ దాన్ని ఒళ్ళోకి తీసుకుని, చెక్క ఎత్తకముందే లోపల చెయ్యి పెట్టి చూశాడు. చాలాసేపు చూశాడు.

"ఒరే, ఇంకోటి తీసీవేటి? ఇటుపక్క పలసగా ఉన్నాది" అన్నాడు.

పాతికేళ్ళలో ఆయన నన్ను అలా అడగడం అదే మొదటిసారి.

"తీసీది నాను. కొట్టీది నువ్వు. నీ పని నువ్వు సెయ్యి బావా" అన్నాను.

ఆయన కొంచెం మన్ను తీసి తడిపాడు. లోపలనించి పలచటి మట్టిబిళ్ళ ఒకటి అతికి, తడిచేత్తో కలిపి, దాన్ని దాచిపెడుతున్నట్టు మెల్లగా కొట్టాడు. కాలాక తట్టి చూస్తే మంచి మోతే వచ్చింది. నేను గెలిచాననుకున్నాను.

పండగనాడు ఘటం మూడో వీధి దాకా వెళ్ళింది. అక్కడ అతికిన చోట ఊడింది. అడుగంతా ఒక్కసారిగా జారి, పసుపు నీళ్ళు ఆ కోడలుపిల్ల మొహం మీదనుంచి చీర మీదికి కారిపోయాయి. చేతుల్లో కుండ మూతి మాత్రం మిగిలింది. దాన్ని అలాగే పట్టుకుని నిలబడింది, వదలాలో వద్దో తెలీక. డప్పులు ఆగిపోయాయి. ఆ ఆగడం నాకు ఇప్పటికీ వినపడుతుంది.

సాయంత్రం గుడి ముందు మా ఇద్దర్నీ నిలబెట్టారు. ఊరి పెద్దమనిషి కోప్పడలేదు. అంతకన్నా కష్టంగా, నిదానంగా అడిగాడు, ఈ అడుగు ఎవరి పని అని. మా బావ నావైపు చూడలేదు. నేలకేసి చూస్తున్నాడు. నాకు నోరు తెరిచే అవకాశం ఇస్తున్నాడని ఇప్పుడు అనిపిస్తుంది. నేను దాన్ని వాడుకున్నాను.

"సారె మీద నాను సరిగ్గానే తీసినాను. అడుగు కొట్టింది మా బావ" అన్నాను.

ఇంకోటి తీయమని అడిగాను, వీడు వినలేదు అని ఆయన ఒక్క మాట అంటే చాలు. అందరూ నమ్మేవాళ్ళు. ఆయన అబద్ధమాడతాడని ఊళ్ళో ఎవరూ అనుకోరు.

"అవును. నా సెయ్యే తప్పినాది" అన్నాడు.

ఇకమీదట ఆయన అమ్మవారి కుండ ముట్టుకోకూడదని తీర్పు చెప్పారు. తీర్పు చిన్నదే. కాని ఊరు చిన్న తీర్పుతో సరిపెట్టుకోదు. సిల్లుసెయ్యోడు, అంటే చిల్లు చెయ్యివాడు, అని పేరు పెట్టారు. టీ కొట్టు దగ్గర ఆయన గ్లాసు అందుకుంటే, "మావా, సూసి పట్టుకో, కారిపోతాది" అనేవాళ్ళు. అక్కడ నేనూ కూర్చుని ఉన్న రోజులున్నాయి. నేను నవ్వలేదని మాత్రం చెప్పగలను. ఆపలేదని కూడా చెప్పాలి.

నెల తిరక్కుండా ఆయన కొట్టే చెక్కనీ గుండ్రాయినీ కడిగి, తుడిచి, మా అరుగు మీద పెట్టి వెళ్ళిపోయాడు. నరసన్నపేటలో రైసుమిల్లులో బస్తాల మూతులు కుట్టే పనికి కుదిరాడు. సైకిలు మీద వెళ్ళి వచ్చేవాడు. దారిలో కనపడితే, "ఏరా, ఆవం పెట్టినావా?" అని అడిగేవాడు, ఎప్పట్లాగే. నేను ఊఁ అనేవాణ్ణి.

ఆయన వెళ్ళాక మా ఆవిడ కొట్టడం మొదలుపెట్టింది. రెండో రోజే, ఇదేటి ఇంత దొడ్డుగా ఉన్నాది, మొన్నటిది సూస్తే కాయితంలాగున్నాది, నీ మనసు ఎక్కడున్నాది అంది. నీకు చేతకాదు అన్నాను. ఆవం విప్పితే సగం కుండలకి అడుగున పగుళ్ళు. మన్ను బాగోలేదన్నాను. తర్వాతి ఆవానికి గడ్డి తడిసిందన్నాను. ఆ తర్వాతి దానికి గాలి తిరిగిందన్నాను. గాలిని అడగడానికి ఎవరూ వెళ్ళరు కదా.

చివరికి కాలి పుండు మానకపోతే శ్రీకాకుళం ఆసుపత్రికి వెళ్ళాను. డాక్టరమ్మ కాలు చూశాక చేతులు కూడా చాపమంది. కళ్ళు మూసుకోండి, వేళ్ళ మీద సన్న దారం ఆనిస్తాను, తెలిసినప్పుడు చెప్పండి అంది. నేను తెలుస్తోంది, తెలుస్తోంది అని చెబుతూనే ఉన్నాను. కళ్ళు తెరవమంది. నేను చెప్పిన మొదటి రెండుసార్లూ ఆవిడ అసలు తాకనే లేదట. తాకినప్పుడు నేను ఊరుకున్నానట. చక్కెర వల్ల వేళ్ళ నరాలు పోయాయి, చాలా ఏళ్ళయి ఉంటుంది అని చీటీ మీద రాసి ఇచ్చింది. ఆ చీటీని దూలం సందులో దోపాను. నాకు చదవడం రాదు కాబట్టి అందులో ఏముందో నాకు తెలీదని నాకు నేనే చెప్పుకున్నాను. చదువు రాకపోవడం వల్ల అలాంటి లాభాలు కూడా ఉంటాయి.

ఎవరికీ చెప్పలేదు. అప్పటికి ఘటం విరిగి మూడేళ్ళు కావస్తోంది.

ఆ మార్గశిరంలో సోమవారం పొద్దున్న మా బావ మిల్లులో బస్తా కుడుతూ కుడుతూ పక్కకి ఒరిగాడు. సూది బస్తాకే ఉండిపోయింది. గుండె అన్నారు. మా మేనల్లుడు వచ్చి గుమ్మంలో నిలబడి, "మావా, కుండ నువ్వే ఇవ్వాల" అన్నాడు. మా ఇళ్ళలో అదే పద్ధతి, చావుకుండ పోయినవాడి అత్తవారింటినుంచి రావాలి. అక్కకి పుట్టిల్లంటే నేనే.

మా అటక మీద రెండు రకాల కుండలున్నాయి. మా బావ కొట్టినవి రెండు, అమ్ముడు కాకుండా మిగిలాయి. నేను తీసి, మా ఆవిడ కొట్టినవి ఓ పది, పగుళ్ళు లేకుండా బయటపడ్డవి. చావుకి పలచటి కుండ, తక్కువ కాలిన కుండ ఇస్తారు. మా నాన్న అలాంటివి వేరేగా ఒక మూల ఉంచేవాడు. అది కుమ్మరి పిల్లలకి కూడా తెలిసిన సంగతి. మా ఆవిడ కింద నిలబడి, ఆయన కొట్టిందే ఇవ్వరాదా, ఆయన సేతిది ఆయనకి ఎల్తాది అంది.

నువ్వు ఊరుకో అన్నాను.

నేను నా కుండల్లో అన్నిటికన్నా గట్టిది ఏరాను. బావకి మంచిది ఇవ్వాలని అనుకున్నాను, అది నిజం. దాని కింద ఇంకో నిజం ఉంది. ఊళ్ళో మగాళ్ళందరూ వస్తారు, నా కుండ చూస్తారు, వీడి చెయ్యి ఇంకా చెయ్యే అనుకుంటారని. శవం ఇంట్లో ఉండగా నాకు వచ్చిన ఆలోచన అది. అందంగా ఉన్నదాన్ని, నున్నగా ఉన్నదాన్ని తీసి, తుడిచి ఇచ్చాను. ఎత్తితే బరువు తెలిసే ఉండాలి. బరువు తెలుసుకోవడానికి కూడా వేళ్ళే కావాలి.

మంగళవారం మా ఊరి వాగు, గెడ్డ ఒడ్డున చితి పేర్చారు. ముందురోజు చినుకులు పడి నేల మెత్తగా ఉంది. మా మేనల్లుడు మొదటి చుట్టు తిరుగుతుంటే మా చినాన్న వెనకనించి కొడవలి మొనతో కుండ అడుగున పొడిచాడు. దిగలేదు. మళ్ళీ పొడిచాడు. ఆయనకి ఎనభై దాటాయి, బతుకంతా కుండల్లోనే గడిచింది. కొడవలి ఆపి ఒక్కసారి నావైపు చూశాడు. తర్వాత పైన, మెడ దగ్గర, గోడ పలచగా ఉన్నచోట పొడిచాడు. నీళ్ళు పైనించి కొంచెం కొంచెం కారాయి. రెండో చుట్టూ అక్కడే. మూడోదీ అక్కడే.

అప్పుడు సూపర్‌వైజరు టైము చెప్పాడు. అప్పుడు కుండ పడింది. పనసకాయ పడ్డట్టు దబ్బుమని పడి, ఒక పొర్లు పొర్లి, గడ్డిలో ఆగింది. లోపల నీళ్ళు కదులుతున్న చప్పుడు వినపడింది.

మా మేనల్లుడు వెనక్కి చూడకూడదు. చితికేసి మొహం పెట్టి, తడిబట్టతో నిలబడి ఉన్నాడు. పెంకుల చప్పుడు కోసం ఎదురుచూస్తున్నాడు. అది రాలేదు.

"పగిలినాదా?" అన్నాడు.

చినాన్న కొడవలి కింద పెట్టాడు.

"మావా, పగిలినాదా?"

పదిమందికి పైగా ఉన్నాం అక్కడ. అందరం గడ్డిలోని కుండకేసే చూస్తున్నాం. చినాన్న వెళ్ళి, వంగి, కుండని లేపాడు. మిగిలిన నీళ్ళు ఒంపాడు. మూతిలోంచి చెయ్యి లోపలికి పెట్టి అడుగు తడిమాడు. ఘటం తీసిన రోజు మా బావ తడిమినట్టే. బయటికి తీసిన చేతిని పంచెకి తుడుచుకుని కుండని తెచ్చి నా కాళ్ళ దగ్గర పెట్టాడు.

"నీదే కదా. నువ్వే పగలగొట్టు" అన్నాడు, నాకు మాత్రమే వినపడేలా.

గెడ్డలోంచి రాయి తెచ్చాను. మొదటి దెబ్బకి పైభాగం పోయింది. రెండో దెబ్బకి పక్కలు పోయాయి. అడుగు మాత్రం గిన్నెలా అలాగే కూర్చుని ఉంది. మూడో దెబ్బ రెండు చేతులతో వేశాను. రెండు ముక్కలైంది. విరిగినచోట చూశాను. రెండు వేళ్ళ మందం ఉంది. లోపల కాలక నల్లగానే ఉండిపోయింది. అంత మన్నుని అడుగున వదిలేసి, సరిగ్గా తీశానని నమ్మి, నేను దారం లాగాను.

"పగిలినాది" అని చెప్పాను మా మేనల్లుడికి.

వాడు తల ఊపాడు. వెనక్కి తిరగలేదు.

ఘటం నాడు మమ్మల్ని నిలబెట్టిన పెద్దమనిషి అక్కడే ఉన్నాడు. నేను రాయి చేతిలో ఉండగానే ఆయనతో చెప్పాను. చెప్పడం కూడా సరిగ్గా రాలేదు.

"ఆ ఏడు ఘటం అడుగు నాదే. మా బావ ఇంకోటి తీయమన్నాడు. నాను తియ్యనేదు."

ఆయన చితికేసి చూసి, నాకేసి చూసి, "ఇప్పుడెందుకయ్యా ఇయ్యన్నీ" అన్నాడు.

అంతే. తిట్టలేదు, ఆశ్చర్యపోలేదు. అందరికీ అంతకుముందే అర్థమైపోయింది. కుండ పడ్డ చప్పుడే చెప్పేసింది. నేను చెప్పింది దాని తర్వాత వచ్చిన మాట, దాంతో ఎవరికీ పని లేదు. సూపర్‌వైజరు వెళ్ళిపోయాడు. మా మేనల్లుడు నిప్పు పెట్టాడు.

గెడ్డలో మునిగి అక్క ఇంటికి వెళ్ళాం. మగాళ్ళకన్నా ముందే సంగతి ఇంటికి ఎలా చేరుతుందో నాకు తెలీదు, కాని చేరింది. అక్క గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. నేను గుమ్మం దగ్గర కూర్చున్నాను. ఆవిడే మాట్లాడింది.

"నీ వేళ్ళు పోనాయని ఆయనకి ఎప్పుడో తెలుసురా. ఘటానికి రెండేళ్ళ ముందే. రోజూ ఇంటికొచ్చి సేతులు ఏన్నీళ్ళలో పెట్టుకునీవోడు. అడుగు ఒకటి దొడ్డు, ఒకటి పలస దిగతన్నాది, అన్నీ సరి సేసి వస్తన్నాను అనీవోడు. ఆడితో సెప్పు అన్నాను. సెప్తే సారె దిగిపోతాడే, సారె దిగితే ఆడు బతకడు, నాకైతే ఇంకో పని దొరుకుతాది అన్నాడు."

నేనేదో అనబోయాను. చెయ్యెత్తి ఆపింది.

"నీకు సెప్పొద్దని నాకాడ ఒట్టేయించుకున్నాడు. ఇప్పుడాయన పోనాడు. ఇంక నానెందుకు మొయ్యాల?"

ఆ తర్వాత అక్క నాతో మాట్లాడుతూనే ఉంది. అన్నం తిన్నావా అని అడుగుతుంది, వాన పడుతుందా అని అడుగుతుంది. ఆ సంగతి మళ్ళీ ఎత్తలేదు. ఎత్తితే బాగుండునని ఉంటుంది నాకు.

పెద్దకర్మ అయిన మర్నాడు సారె దిగాను. మా బావ అన్నట్టు చచ్చిపోలేదు. ఆయన లెక్క అదొక్కటే తప్పింది. ఊళ్ళో సిల్లుసెయ్యోడు అనే పేరు ఎవరూ ఎత్తడం లేదు. ఆయన చెయ్యి మంచిది అని కూడా ఎవరూ అనడం లేదు. పోయినవాడి గురించి మాట దిద్దుకోవడానికి ఊరికి తీరిక ఉండదు.

స్కేలు పట్టుకుని అడిగిన అమ్మాయికి జవాబు రాస్తున్నాను. సాపు అడుగు ఉన్న గ్లాసులూ పూలకుండీలూ అయితే నీ చిటికెన వేలి మందం ఉంచు, సూది గుచ్చి కొలుచుకో, సిగ్గుపడకు. నేను సూదిని వెక్కిరించే వంశంలో పుట్టాను, నన్ను చూడు. గుండ్రటి కుండ అయితే కొలత నా దగ్గర లేదు. అది నీ పక్కన కూర్చుని కొట్టేవాణ్ణి అడగాలి. వాడు ఇంకోటి తియ్యమంటే తియ్యి. కారణం అడగకు.

ఇంకొక్క పని ఉంది. ఆ రోజు గెడ్డ ఒడ్డున ఎవరెవరు ఉన్నారో రాసి పెట్టాలి. నేను చెప్పిన మాట వాళ్ళు విన్నారు, వాళ్ళే సాక్ష్యం. పేర్లు రాయొద్దని అక్క చెప్పింది, వరసలు రాస్తాను.

కుండ మోసిన మా మేనల్లుడు. చిల్లులు పొడిచిన మా చినాన్న. పాడె మోసిన నలుగురు, అందులో ఇద్దరు మా పెదనాన్న కొడుకులు, ఒకడు మా బావ తమ్ముడు, ఒకడు నా కొడుకు. కట్టెలు పేర్చిన ముసలాయన. గుండు చేసిన మంగలి. టీ కొట్టువాడు, ఆ రోజు కొట్టు మూసి వచ్చాడు. ఘటం తీర్పు చెప్పిన పెద్దమనిషి. ఆ ఘటం ఎత్తిన కోడలి మొగుడు, దూరంగా నిలబడ్డాడు. మిల్లు సూపర్‌వైజరు, పదకొండూ ఇరవై అని టైము చెప్పినవాడు. చేతిలో రాయితో నేను.

కట్టెల మీద మా బావ. చేతులు పక్కలకి చాపి పెట్టారు. కుడి అరచెయ్యి పైకి తిరిగి ఉంది. దాని నిండా చెక్క పట్టిన కాయలు. మూడేళ్ళు బస్తాలు కుట్టినా అవి పోలేదు.